మనవాళ్లు ఏ పక్క?
పల్నాటి యుద్ధాన్ని కడప తండాల నుంచి చదివితే

తెలుగువాళ్లు చూసిన యుద్ధాలకు లెక్కలేదు. కాకతీయులు ఢిల్లీ సైన్యాలతో పోరాడారు. 1565లో విజయనగరం కూలింది. 1800లో మన సీమ నిజాం చేతిలోంచి కుంఫిణీ చేతిలోకి పోయాక పాలెగాళ్లు తిరగబడ్డారు. ఇవన్నీ పాఠ్యపుస్తకాల్లో ఉన్నాయి. పరీక్ష రాసి బయటికొచ్చాక పిల్లలు వీటిలో సగం మర్చిపోతారు. కానీ 12వ శతాబ్దం చివర, కృష్ణకు దక్షిణాన ఒక చిన్న సీమలో, ఒకే తండ్రి బిడ్డలు రెండు పక్కలుగా చీలి కొట్టుకుని చచ్చిన యుద్ధాన్ని మాత్రం జనం ఇప్పటికీ మర్చిపోలేదు. అదే పల్నాటి యుద్ధం.

బయటివాడితో చేసిన యుద్ధం కంటే ఇంట్లోవాళ్లు చేసుకున్న యుద్ధం ఎందుకు ఎక్కువ గుర్తుంటుంది? ఎనిమిది వందల ఏళ్ల కింద పోయినవాళ్ల కోసం నేటికీ ఎందుకు గుడి, తిరునాళ్ల, సినిమా, పాట? ఈ ప్రశ్న పండితులది మాత్రమే కాదు. గిరిజన పిల్లలకు పాఠం చెప్పే మా బోటివాళ్లది కూడా. ఎందుకంటే ఆ కథను మన పిల్లలు కూడా ఇష్టంగా వింటారు. బాలచంద్రుడి ఘట్టం చెప్తే తరగతిలో చీమ చిటుక్కుమనదు. పాఠం అయ్యాక ఎవడో ఒకడు లేచి అడుగుతాడు: "మనోళ్లు ఏ పక్క సార్?"

ఈ వ్యాసం ఆ ప్రశ్నను పట్టుకుని నడుస్తుంది.

కథ సంగతి

తెలియనివాళ్ల కోసం కథ నాలుగు ముక్కల్లో చెప్తాం. పల్నాటిని ఏలిన హైహయ వంశపు రాజు అనుగురాజు. అతనికి వేర్వేరు భార్యల వల్ల కలిగిన కొడుకుల్లో నలగామరాజు గురజాలలో, మలిదేవరాజు మాచర్లలో నిలిచారు. నలగామరాజు పక్కన మంత్రిగా నాయకురాలు నాగమ్మ, మలిదేవుడి పక్కన బ్రహ్మనాయుడు. కోడిపందెం పెట్టుకున్నారు. ఓడినవాళ్లు ఏడేళ్లు దేశం విడిచి పోవాలి. మాచర్ల పక్షం ఓడింది. ఆలమందల్ని తోలుకుని అడవి దారి పట్టింది. గడువు తీరాక రాజ్యం అడగడానికి రాయబారిగా వెళ్లిన అలరాజును చంపేశారు. అతను నలగామరాజుకు సొంత అల్లుడు. ఇక ఆగలేదు. కారెంపూడి దగ్గర నాగులేటి ఒడ్డున రెండు పక్షాలూ తలపడ్డాయి. బ్రహ్మనాయుడి కొడుకు బాలచంద్రుడు, కొత్త పెళ్లికొడుకు, భార్య మాంచాలను వదిలి వచ్చి ప్రాణం ఇచ్చాడు. వీరులందరూ పోయారు. మిగిలిన బ్రహ్మనాయుడు గుత్తికొండ బిలంలోకి వెళ్లిపోయాడని చెప్తారు.

ఈ కథను 15వ శతాబ్దంలో శ్రీనాథుడు ద్విపదలో రాశాడని ప్రతీతి. ఆ కావ్యంలో మనకు దొరికింది కొంత భాగమే. అక్కిరాజు ఉమాకాంతం 1911లో దాన్ని అచ్చువేయించాడు. ఆ తర్వాత 1947లో ఒకసారి, 1966లో ఒకసారి 'పల్నాటి యుద్ధం' సినిమాగా వచ్చింది. ఇవన్నీ చదువుకున్నవాళ్ల దారి. దీనికంటే పాత దారి ఇంకొకటి ఉంది. వీరవిద్యావంతులు అనే మాల గాయకులు తరతరాలుగా ఈ కథ పాడుతున్నారు. 1970లలో అమెరికా నుంచి వచ్చిన జీన్ రోఘేర్ అనే పరిశోధకుడు అలిసెట్టి గాలెయ్య అనే గాయకుడి నోట ఈ కథ విని, రికార్డు చేసుకుని, 1982లో ఇంగ్లీషులో పుస్తకం వేశాడు. కారెంపూడి వీర్ల గుడి దగ్గర ఏటా కార్తీకంలో ఐదు రోజులు ఉత్సవం జరుగుతుంది. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు అని ఆ ఐదు రోజులకూ పేర్లు. అంటే ఏటా ఆ యుద్ధం మళ్లీ మొదలై మళ్లీ ముగుస్తుంది.

ఎందుకు వదలదు?

మాకు తోచిన కారణాలు మూడు.

మొదటిది, ఇంటి కొట్లాటలో వినేవాడికి బయట నిలబడే చోటు ఉండదు. పరాయి రాజు దండెత్తి వస్తే మన పక్క ఏదో ముందే తెలిసిపోతుంది. వాడు చెడ్డ, మనం మంచి. కథ అక్కడితో సరి. అన్నదమ్ముల మధ్య పోరు అలా కాదు. నలగామరాజుకీ ఒక న్యాయం ఉంది, మలిదేవుడికీ ఒక న్యాయం ఉంది. అల్లుణ్ణి చంపించిన ఇంట్లోనే ఆ అల్లుడి భార్య ఏడుస్తుంది. వినేవాడు తన ఇంట్లో పొలం గట్టు తగాదా, పెదనాన్న పిల్లలతో మాటలు లేకపోవడం, పెళ్లికి పిలవకపోవడం గుర్తు చేసుకుంటాడు. భారతం నిలిచింది కూడా ఇందుకే. పల్నాటి కథను ఆంధ్ర భారతం అని ఊరికే అనలేదు.

రెండోది, ఈ యుద్ధంలో ఎవరూ గెలవలేదు. గెలిచిన యుద్ధానికి ముగింపు ఉంటుంది, శాసనం ఉంటుంది. ఇద్దరూ ఓడిన యుద్ధానికి ముగింపు ఉండదు. "అప్పుడు కోడిపందెం ఆడకుండా ఉంటే?" "అలరాజును పంపకుండా ఉంటే?" అని ప్రతి తరం మళ్లీ అడుగుతుంది. జవాబు దొరకని ప్రశ్నే ఎక్కువ కాలం బతుకుతుంది. పల్నాడు చివరికి కాకతీయుల ఏలుబడిలోకి పోయింది. అన్నదమ్ములిద్దరిలో ఎవరికీ మిగల్లేదు.

మూడోది, ఆ కథలో జరగకుండా పోయిన ఒక మంచి ఉంది. బ్రహ్మనాయుడు చాపకూడు పెట్టాడు. అన్ని కులాలవాళ్లనూ ఒకే చాప మీద కూర్చోబెట్టి అన్నం పెట్టించాడు. మాల కన్నమదాసును కొడుకుగా చేసుకుని సేనాపతిని చేశాడు. బాలచంద్రుడి వెంట ప్రాణమిచ్చిన తమ్ముళ్లు వేర్వేరు కులాలవాళ్లు. 12వ శతాబ్దంలో ఇది చిన్న సంగతి కాదు. ఆ చాప మీద కూర్చున్నవాళ్లందరూ ఒకే యుద్ధంలో పోయారు. చాప చుట్టేశారు. యుద్ధం జరగకపోతే ఆ చాప ఎంత దూరం పరుచుకునేదో అని తెలుగువాడి మనసులో ఒక మూల కోరిక ఉండిపోయింది. ఆ కోరికే ఈ కథను మోస్తోంది.

ఈ మూడింటినీ మేము కాదనడం లేదు. ఇవి బలమైన కారణాలు. కానీ ఇక్కడితో ఆగిపోతే మన పిల్లవాడు అడిగిన ప్రశ్నకు జవాబు రాదు.

పేరు ఎవరు పెడతారు?

పల్నాటి కథలో మమ్మల్ని ఆశ్చర్యపరిచేది దాని పేర్ల పట్టిక. రాజుల పేర్లు ఏ కథలోనైనా ఉంటాయి. ఇక్కడ సేనాపతి మాలవాడు, అతనికి పేరుంది. ప్రాణమిచ్చిన చేతిపనివాళ్ల బిడ్డలకు పేర్లున్నాయి. పందెం కోళ్లకు కూడా పేర్లున్నాయి. వీర్ల గుడిలో ఆయుధాలకు పూజ ఉంది. ఎందుకిలా? రాజుల ఆస్థానంలో రాసిన చరిత్రల్లో కాలిబంటు పేరు కనిపించదు కదా?

దీనికి జవాబు పాడినవాళ్లలో ఉంది. ఈ కథను కాపాడింది పంబ పట్టుకున్న మాల గాయకులు. పాడేవాడు ఎవరో పేర్లు వాళ్లవి ఉంటాయి. కన్నమదాసు ఎనిమిది వందల ఏళ్లు నిలిచాడంటే అతని వాళ్లు ప్రతి ఏడూ అతని పేరు నోటితో పలికారు కాబట్టి. ఏ ప్రభుత్వమూ జీవో ఇచ్చి నిలబెట్టలేదు.

నాగమ్మను చూడండి. ఆమె కథ పాడే కులం, వంశం ఆమెకు లేదు. అందుకే తప్పంతా ఆమె నెత్తిన పడింది. వితంతువు, పల్లెటూరి ఆడమనిషి, మంత్రి అయింది, రాజ్యం నడిపింది. రాజులు పందెం ఆడారు, మంత్రులు పంతం పట్టారు, మగవాళ్లు కత్తి దూశారు. యుద్ధానికి కారణం మాత్రం నాగమ్మ అన్నారు. ఇప్పటికీ ఊళ్లల్లో గట్టిగా మాట్లాడే ఆడమనిషిని 'నాయకురాలు నాగమ్మ' అని వెక్కిరిస్తారు. ఈ మధ్యనే కొందరు ఆమెను మొదటి మహిళా మంత్రిగా చూడడం మొదలుపెట్టారు. ఆలస్యమైనా మంచిదే.

చాప అడవి దాకా రాలేదు

ఇప్పుడు మన ప్రశ్న. మనవాళ్లు ఏ పక్క?

మాచర్ల పక్షం మందలతో అడవికి పోయినప్పటి ఘట్టం ఒకటుంది. మేము విన్న కథనాల్లో, ఆ మందల మీదికి నాగమ్మ అడవి చెంచుల్ని పంపిస్తుంది. వాళ్లు ఆవుల్ని చంపుతారు. ఆలకాపరులు అడ్డుపడి ప్రాణాలిస్తారు. కథలో అడవి మనిషి కనపడేది ఇక్కడ. వచ్చాడు, చంపాడు, చచ్చాడు. అతనికి ఊరు లేదు, ఇల్లాలు లేదు, పేరు లేదు. కోడికి పేరుంది, చెంచుకు లేదు.

ఒక్కసారి ఆగి ఈ ఘట్టాన్ని అడవి వైపు నుంచి చూడండి. వేల పశువులు ఒక్కసారిగా అడవిలోకి వచ్చి పడ్డాయి. ఆ అడవిలో ముందునుంచీ బతుకుతున్నవాళ్లను ఎవరైనా అడిగారా? గడ్డి ఎవరిది, నీటిమడుగు ఎవరిది, దుంపలు తవ్వుకునే చోటు ఎవరిది? వనవాసం అంటే రాజుకు శిక్ష. చెంచుకు అది సొంత ఊరు. ఒకరి శిక్షాకాలం ఇంకొకరి ఇంట్లో గడిచింది. ఆ ఇంటివాడు కోపపడ్డాడేమో, లేక మందల వల్ల ఆకలి పాలయ్యాడేమో, లేక నిజంగానే కూలికి వెళ్లాడేమో. కథ ఆ ప్రశ్న అడగదు. 'నాగమ్మ పంపింది' అని తేల్చేస్తుంది. ఆడదానికి కుట్ర, అడవివాడికి కూలి. ఇద్దరి సొంత కారణాలనూ ఒకే మాటలో కొట్టేసింది.

చాపకూడును మేము గౌరవిస్తాం. కానీ ఆ చాప మాలపల్లె దాకా వచ్చింది, అడవి అంచు దాకా రాలేదు. ఇది బ్రహ్మనాయుణ్ణి తిట్టడానికి అంటున్న మాట కాదు. ఎంత గొప్ప సమానత్వపు కలకైనా ఒక సరిహద్దు ఉంటుంది, ఆ సరిహద్దు బయట ఎవరున్నారో చూడడం చదివేవాడి పని. మన పిల్లలకు ఈ చూపు నేర్పకపోతే వాళ్లు బాలచంద్రుడి కోసం ఏడుస్తారు, చెంచును చూసి భయపడతారు. తన తాతను చూసి తానే భయపడే చదువు మనకెందుకు?

పల్నాటిలోనే ఇంకొక పోరాటం ఉంది. అడవిలో పశువులు మేపితే పుల్లరి కట్టాలని తెల్లదొరల సర్కారు పీడిస్తే 1921, 1922లలో అక్కడి రైతులూ చెంచులూ ఎదురు తిరిగారు. మించాలపాడులో కన్నెగంటి హనుమంతు 1922 ఫిబ్రవరిలో తుపాకి గుళ్లకు బలయ్యాడు. అదే సీమ, అదే గడ్డి, అవే పశువులు. ఈసారి ఊరూ అడవీ ఒక పక్క నిలబడ్డాయి. ఈ కథకు ఐదు రోజుల ఉత్సవం లేదు. తమలో తాము కొట్టుకున్న కథకున్నంత పేరు, కలిసి నిలబడిన కథకు రాలేదు. ఇది పల్నాటివాళ్ల తప్పు అని మేము అనం. కలిసి నిలబడిన కథను పాడే పంబ ఇంకా తయారు కాలేదు, అంతే.

మన సీమ యుద్ధం

ఇక మన ఇంటికి వద్దాం. కడప, కర్నూలు జిల్లాల్లో పుట్టిన ఎవరికైనా అంతర్యుద్ధం అంటే ఏమిటో పుస్తకం చదవనక్కర్లేదు. మనం దాన్ని 'పార్టీలు' అన్నాం, 'కక్షలు' అన్నాం, తర్వాత పేపర్లవాళ్లు 'ఫ్యాక్షన్' అన్నారు. ఊరు రెండుగా చీలుతుంది. బావి వేరు, టీ బంకు వేరు, పీర్ల చావిడి దగ్గర నిలబడే చోటు వేరు. పెద్దిళ్లలో పగ పుడితే చిన్నిళ్లలో శవం లేస్తుంది.

ఆ పగలు ఇప్పుడు చాలా ఊళ్లల్లో చల్లబడ్డాయి. కానీ వాటి మీద మోజు చల్లబడలేదు. 1999లో సమరసింహారెడ్డి, 2001లో నరసింహనాయుడు, 2002లో ఆది, ఇంద్ర. వరసగా సినిమాలు వచ్చి రాష్ట్రమంతా ఆడాయి. కడప ఎప్పుడూ చూడనివాళ్లకు కూడా కడప అంటే తెల్ల చొక్కా, సుమోలు, నాటుబాంబు అయిపోయింది. మన పిల్లలు హైదరాబాదులో కాలేజీలో చేరితే, "మీది కడపా? అయితే బాంబులేస్తారా?" అని అడుగుతారు. మన పిల్లవాడు సిగ్గుపడడు, కొంచెం గర్వంగా నవ్వుతాడు. ఆ నవ్వును మేము అర్థం చేసుకోవాలనుకుంటున్నాం. కరువు సీమ అని, వలస కూలీలు అని చిన్నచూపు చూసేవాళ్ల ముందు 'భయపడండి' అని చెప్పుకోగలిగే ఒకే ఒక మాట వాడికి సినిమా ఇచ్చింది. లేనివాడికి భయం కూడా ఒక ఆస్తిగానే కనపడుతుంది.

కానీ ఈ సినిమాలను పల్నాటి కథ పక్కన పెట్టి చూస్తే ఒక తేడా కొట్టొచ్చినట్టు కనపడుతుంది. పాత కథలో వెంట నడిచినవాడికి పేరుంది. సినిమాలో లేదు. హీరో పెద్దింటి బిడ్డ. విలన్ కూడా పెద్దింటి బిడ్డే. రెండో సుమోలో కూర్చున్న పదిమంది ఎవరు? వాళ్లకు భార్యలున్నారా? కేసు పడితే కడప సెంట్రల్ జైలుకు ములాఖత్‌కు ఎవరు పోతారు? వాయిదాలకు బస్సు చార్జీ ఎవరిస్తారు? సినిమా ఇవి చూపించదు. ఎనిమిది వందల ఏళ్ల కిందటి గాయకుడు కన్నమదాసు పేరు చెప్పగలిగినప్పుడు, కోట్లు పెట్టి తీసిన సినిమా వేటకొడవలి పట్టినవాడి పేరు చెప్పలేకపోయిందంటే, కళలో మనం ముందుకు పోయామా, వెనక్కి పోయామా? మా తీర్పు స్పష్టం. ఈ విషయంలో పంబ పాటే గొప్పది, సినిమా చిన్నది.

ఆబోతుల పోట్లాటలో లేగదూడల కాళ్లు విరిగినట్టు అని మనవాళ్ల సామెత. మన తండాల్లో, ఎరుకల వాడల్లో, యానాది గుడిసెల్లో విరిగిన కాళ్లు ఎన్నో. ఒకే తండాలో సగం ఇళ్లు ఒక పెద్దిల్లు వైపు, సగం ఇంకొక పెద్దిల్లు వైపు. వాళ్ల కాపలాకు మనం, వాళ్ల జెండాకు మనం, వాళ్ల మీద పడిన కేసు తనదని ఒప్పుకోవడానికి మనం. ఆ పెద్దిళ్లవాళ్లు తర్వాత వియ్యం అందుకున్నారు, ఒకే పార్టీలో చేరారు. మన తండాలో బావా బామ్మర్దులకు మాత్రం ఇంకా మాటల్లేవు. అంతర్యుద్ధంలో అసలు లోపలి గాయం ఇది.

"మనోళ్లు ఏ పక్క సార్?" అన్నదానికి నిజమైన జవాబు ఇదే: రెండు పక్కలా, రెండింటికీ కింద.

సముద్రాల అవతల

ఇది మన ఒక్కరి కథ కాదు. అమెరికాలో 1861 నుంచి 1865 దాకా ఉత్తర రాష్ట్రాలకూ దక్షిణ రాష్ట్రాలకూ మధ్య అంతర్యుద్ధం జరిగింది. ఆరు లక్షల మందికి పైగా పోయారు. ఆ దేశం తర్వాత ఎన్నో యుద్ధాలు చేసింది. కానీ ఇప్పటికీ జనం పాత సైనిక దుస్తులు కుట్టించుకుని, పాత తుపాకులు పట్టుకుని, మైదానాల్లో ఆ యుద్ధాన్ని ఆడుతుంటారు. మన కారెంపూడి లాంటిదే అనుకోండి. యుద్ధానికి మూలం బానిసత్వం. ఓడిన బానిస యజమానులనే అందంగా, జాలిగొలిపేలా చూపించిన సినిమాలు 1915లోనూ 1939లోనూ వచ్చి కోట్లమందిని కదిలించాయి. నల్లవాళ్లు దాదాపు 1,80,000 మంది ఉత్తరపు సైన్యంలో చేరి పోరాడిన సంగతి మాత్రం చాలా కాలం మరుగున పడింది.

మనకు కావలసిన సంగతి ఇంకొకటుంది. అక్కడి ఆదివాసులు ఏ పక్క? రెండు పక్కలా. చెరకీ జాతివాడు స్టాండ్ వాటీ దక్షిణపు సైన్యంలో జనరల్. ఆ పక్షపు జనరళ్లలో అందరికంటే చివర, 1865 జూన్‌లో, లొంగినవాడు అతనే. సెనెకా జాతివాడు ఈలీ పార్కర్ ఉత్తరపు సేనాని గ్రాంట్ దగ్గర అధికారి. 1865 ఏప్రిల్ 9న దక్షిణపు సేనాని లీ లొంగిపోయినప్పుడు ఆ షరతుల పత్రాన్ని సాపు రాసింది అతని చెయ్యే. ఇద్దరు ఆదివాసులు, చెరొక పక్క. మరి ఆ యుద్ధకాలంలోనే ఏం జరిగింది? 1862 డిసెంబరు 26న ఒకే రోజు 38 మంది డకోటా ఆదివాసులను ఉరితీశారు. 1864 నవంబరు 29న శాండ్ క్రీక్ దగ్గర షయాన్, అరపాహో గుడారాల మీద పడి ఆడవాళ్లనీ పిల్లల్నీ ముసలివాళ్లనీ చంపారు. ఇవి చేసింది బానిసత్వాన్ని తీసేసిన ఉత్తరపు ప్రభుత్వపు సైన్యమే. చాప అక్కడ కూడా అడవి దాకా రాలేదు.

మన మూటల బరువు

మన పూర్వీకులు యుద్ధాల్లో లేరని కాదు. వాళ్ల పని వేరే ఉంది. సుగాలీలు ఎద్దుల మీద ధాన్యం, ఉప్పు వేసుకుని దేశమంతా తిరిగినవాళ్లు. మొగలాయీ సైన్యాలకు, నిజాం సైన్యానికి, 1791-92లో టిప్పు మీదికి పోయిన కారన్‌వాలిస్ దండుకు గింజలు చేరవేసింది ఈ బిడారులే. వాళ్లు మోయకపోతే ఏ సేనాని రెండు వారాలు నిలవలేడు. రైలు వచ్చాక వాళ్ల అవసరం తీరింది. ఉప్పు, ధాన్యం మోసి బతికిన ఎరుకలవాళ్లకూ అదే గతి. 1871లో నేరస్థ జాతుల చట్టం చేశారు, 1911లో మద్రాసు రాష్ట్రానికి తెచ్చారు. దండుకు తిండి మోసినవాళ్లను పోలీసు స్టేషన్‌లో వేలిముద్ర వేయమన్నారు. దేశమంతటా ఆ చట్టం రద్దయింది 1952లో.

మన సీమలో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి 1846లో తిరగబడినప్పుడు ఇనాములు పోయిన కట్టుబడివాళ్లు, నల్లమల అంచు జనం ఆయన వెంట నడిచారు. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఆయనను ఉరితీశారు. ఆయన మీద పాటలున్నాయి, 2019లో పెద్ద సినిమా వచ్చింది. వెంట నడిచినవాళ్లలో వడ్డె ఓబన్న పేరు నిలిచింది, ఆయన కులంవాళ్లు నిలుపుకున్నారు కాబట్టి. మిగతావాళ్ల పేర్లు వాళ్ల ఊళ్లల్లో, వాళ్ల ముసలివాళ్ల నోళ్లల్లో ఏమైనా మిగిలున్నాయా అని ఎవరు వెతికారు?

ఏం చేద్దాం?

తోటి ఉపాధ్యాయులకు మా మాట. పల్నాటి కథను పిల్లలకు చెప్పండి. మానేయకండి. మంచి కథను దాచిపెడితే పిల్లలు చెడ్డ కథను వెతుక్కుంటారు. కానీ చెప్పాక మూడు ప్రశ్నలు బోర్డు మీద రాయండి. ఈ కథలో పేరు ఎవరికుంది, ఎవరికి లేదు? యుద్ధం జరిగినన్ని రోజులూ తిండి ఎవరు పండించారు, ఎవరు మోశారు? చచ్చినవాళ్ల ఇళ్లల్లో మరుసటి ఏడు ఎలా గడిచింది? ఏడో తరగతి పిల్లవాడు కూడా వీటికి జవాబు ఆలోచించగలడు. చెంచు మనిషి నోటితో మందపోరు ఘట్టాన్ని మళ్లీ రాయమనండి. వాడు ఏం రాస్తాడో చూడండి. తప్పొప్పులు తర్వాత దిద్దవచ్చు.

యువతకు మా మాట. వీరత్వం మీద మీకున్న ఇష్టాన్ని మేము తక్కువ చేయం. భయపడుతూ బతికిన జాతికి ధైర్యం కథ కావాలి. అయితే ఎవరి కోసం ధైర్యం అని అడగండి. బాలచంద్రుడు తన తండ్రి పంతం కోసం పోయాడు. అతనికి కనీసం తండ్రి పంతం. మీ చేతిలో కొడవలి పెట్టేవాడి పంతం మీకు ఏమవుతుంది? ఫ్యాక్షన్ సినిమా చూడండి, ఈల వేయండి. ఇంటికొచ్చాక మీ తండాలో కక్షల్లో పోయినవాళ్ల పేర్లు మీ అవ్వను అడగండి. తేదీ తెలియకపోతే ఏ కరువు ఏడు, ఏ వాన ఏడు అని అడగండి. సుగాలీ మాటలోనో ఎరుకల మాటలోనో ఆమె చెప్పినట్టే రాసుకోండి. ఎవరి పార్టీ అన్నది రాయకపోయినా పరవాలేదు. ఎవరి కొడుకు, ఏం పని చేసేవాడు, ఎంతమంది పిల్లలు, ఆ పిల్లలు ఇప్పుడు ఎక్కడ కూలికి పోతున్నారు అన్నది రాయండి. రెండు పక్కలవాళ్లవీ ఒకే కాగితం మీద రాయండి.

అంతర్యుద్ధం మీద జనానికున్న మోజు పోదు. పోవాల్సిన అవసరమూ లేదు. ఇంటి గాయాన్ని మళ్లీ మళ్లీ తడిమి చూసుకోవడం మనిషి లక్షణం. కానీ ఆ గాయం ఎవరి ఒంటి మీద ఉందో వాళ్లే దాని గురించి చెప్పే రోజు రావాలి. మాలపల్లెలు కన్నమదాసు పేరును ఎనిమిది వందల ఏళ్లు మోశాయి. మన తండాల్లో పోయినవాళ్ల పేర్లు ముప్పై ఏళ్లకే చెరిగిపోతున్నాయి. పేర్లు తెలిసిన అవ్వలు ఏటా ఒకరిద్దరు తగ్గిపోతున్నారు. ఈ సంక్రాంతి సెలవులకు ఊరు పోయేటప్పుడు సంచిలో ఒక నోటుపుస్తకం పెట్టుకోండి.